కాగితాలు అడగడంలో తప్పేముంది?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. పద్దెనిమిదేళ్లుగా అమెరికాలో ఉంటున్నాం, ప్రస్తుతం ఆరిజోనా రాష్ట్రంలోని ఛాండ్లర్‌లో. ఇప్పటికీ హెచ్-1బీ మీదే ఉన్నాను, గ్రీన్ కార్డు వరుసలో మా తేదీ ఇంకా రాలేదు. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, పదకొండో తరగతి చదువుతోంది. బడిలో చర్చాపోటీకి ఆరిజోనా రాష్ట్రం చేసిన ఎస్‌బీ 1070 చట్టాన్ని అంశంగా ఇచ్చారు. పోలీసులు ఇమిగ్రేషన్ హోదా పరిశీలించాలని చెప్పే ఆ చట్టాన్ని తను వ్యతిరేకిస్తూ మాట్లాడాలట. "మనం డబ్బు ఖర్చుపెట్టి, లాయర్ల చుట్టూ తిరిగి, ఒక్క నిబంధన తప్పకుండా వచ్చాం. దొంగదారిన వచ్చినవాళ్లను పోలీసులు కాగితాలు అడిగితే తప్పేముంది?" అన్నాను. "పోలీసు నిన్ను ఆపినప్పుడు నీ ముఖం మీద వీసా ముద్ర కనిపిస్తుందా నాన్నా?" అంది. మాట పెరిగింది. ఇప్పుడు ఇంట్లో ముభావంగా ఉంటోంది. నా అభిప్రాయం తప్పా? ఈ పోటీకి ఆమెకు నేనెలా సాయపడాలి? ఇంకొకటి, త్వరలో మా అమ్మానాన్నలు వస్తున్నారు. రోజూ పొద్దున్నే నడవడం వాళ్ల అలవాటు. పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని తిరగమనాలా?

జవాబు: మీ కోపం న్యాయమైనదే. ఒక దేశంలో ఇన్నేళ్లు పన్నులు కట్టి, పిల్లను పెంచి, రేపు ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఏదో ఒక దారి చూసుకోవాలన్న భయంతో బతకడం చిన్న సంగతి కాదు. అయితే ఆ కోపాన్ని తెచ్చి ఈ చట్టానికి బలంగా చేర్చడం మాత్రం పొరపాటని నేను నమ్ముతున్నాను. మీ అమ్మాయి అడిగిన ప్రశ్నలోనే ఈ చర్చకు కీలకం ఉంది.

ముందు వరుస సంగతి చూద్దాం. ఉపాధి ఆధారంగా ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ అందులో 7 శాతానికి మించి సాధారణంగా దక్కదు. ఈ లెక్క 1990లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టంలోది. భారతదేశంలో పుట్టిన దరఖాస్తుదారులు లక్షలకు చేరినా వాటా మాత్రం కదలలేదు. మీ తేదీ రాకపోవడానికి కారణం అది. ఎడారి దాటి వచ్చి ఫీనిక్స్‌లో ఇళ్ల పైకప్పులు వేస్తున్న కూలీ ఆ 1,40,000లో ఒక్క కార్డు కూడా తీసుకోవడం లేదు. అతన్ని పట్టుకుని వెనక్కి పంపితే మీ ప్రయారిటీ తేదీ ఒక్క రోజు కూడా ముందుకు జరగదు. వార్తల్లో ఈ రెండు సమస్యలూ ఒకే పేరు కింద వస్తాయి కాబట్టి ఒకరి తప్పుకు మరొకరు శిక్ష అనుభవిస్తున్నట్టు అనిపిస్తుంది. మీకు జరుగుతున్న అన్యాయాన్ని సరిచేయగలిగింది వాషింగ్టన్‌లోని కాంగ్రెస్ ఒక్కటే. ఆరిజోనా పోలీసుకు అందులో చేయగలిగింది ఏమీ లేదు.

ఇక చట్టం. 2010 ఏప్రిల్ 23న గవర్నర్ జాన్ బ్రూవర్ దీని మీద సంతకం చేశారు. ప్రతిపాదించింది మీ పక్క ఊరు మీసాకు చెందిన సెనేటర్ రస్సెల్ పియర్స్. అది ఊరికే పుట్టలేదు. ఆ రోజుల్లో మెక్సికో సరిహద్దు దాటి వచ్చేవారిలో చాలామందికి ఆరిజోనా ఎడారే ప్రధాన మార్గం. ఫెడరల్ ప్రభుత్వం పట్టించుకోవడం లేదన్న అసహనం ఏళ్ల తరబడి పేరుకుంది. ఆ ఏడాది మార్చిలో సరిహద్దుకు దగ్గరలో ఒక పశుపోషకుడు తన సొంత భూమిలోనే హత్యకు గురయ్యాడు. హంతకుడు సరిహద్దు దాటి వచ్చినవాడేనని జనం గట్టిగా నమ్మారు. అప్పటి అభిప్రాయ సేకరణల్లో దేశవ్యాప్తంగా ఎక్కువమంది ఈ చట్టాన్ని సమర్థించారు. మీ అమ్మాయి ఈ నేపథ్యాన్ని దాటవేయకూడదు. దాటవేస్తే అవతలి పక్షం మొదటి నిమిషంలోనే దాన్ని పట్టుకుంటుంది.

ఆ చట్టంలో నాలుగు అంశాలు కోర్టుకెక్కాయి. విదేశీయుడి దగ్గర రిజిస్ట్రేషన్ పత్రం లేకపోతే రాష్ట్ర నేరంగా పరిగణించడం ఒకటి. పని చేసే అనుమతి లేనివారు పని వెతుక్కోవడం కూడా నేరమే అనడం ఇంకొకటి. దేశం నుంచి పంపించదగిన నేరం చేశాడని పోలీసు నమ్మితే వారెంటు లేకుండానే అరెస్టు చేయవచ్చనడం మూడోది. నాలుగోదే మీ ఇంట్లో గొడవ పెట్టిన 2(బి) సెక్షను: పోలీసులు మరే కారణంతోనైనా చట్టబద్ధంగా ఒకరిని ఆపినప్పుడు, ఆ వ్యక్తి అక్రమంగా ఉంటున్నాడన్న సహేతుకమైన అనుమానం కలిగితే, వీలైనంత వరకు అతని హోదాను తెలుసుకునే ప్రయత్నం చేసి తీరాలి. అరెస్టు చేసిన వ్యక్తి హోదా తేలాకే వదలాలి. 'తీరాలి' అన్న దానికి దన్నుగా ఇంకొక ఏర్పాటు కూడా చేశారు. ఏ పోలీసు విభాగమైనా ఈ పరిశీలనను పరిమితం చేస్తే సామాన్య పౌరుడు ఆ విభాగం మీద దావా వేయవచ్చు, జరిమానా రోజుకు 5,000 డాలర్ల దాకా పడవచ్చు. అంటే తన ప్రాంతానికి ఏది మంచిదో ఆలోచించుకునే స్వేచ్ఛ పోలీసు అధికారికి లేకుండా చేశారు. వార్తల్లో పెద్దగా రాకపోయినా నాకు చాలా ముఖ్యంగా తోచే సంగతి ఇది.

2012 జూన్ 25న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. జస్టిస్ కెన్నెడీ రాసిన ఆ తీర్పులో మొదటి మూడు సెక్షన్లనూ కొట్టేశారు. వలస వ్యవహారం దేశమంతటికీ ఒకటిగా ఉండాలి, రాష్ట్రాలు దాని మీద తమ సొంత శిక్షలు చేర్చకూడదన్నది సారాంశం. దీనికి పాత పునాది ఉంది. 1939లో పెన్సిల్వేనియా రాష్ట్రం విదేశీయులంతా నమోదు చేయించుకుని కార్డు వెంట ఉంచుకోవాలని చట్టం చేస్తే, 1941లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. అయితే 2(బి)ని మాత్రం 2012లో కోర్టు నిలిపివేయలేదు. విచారణలో పాల్గొన్న ఎనిమిది మంది న్యాయమూర్తులూ ఆ విషయంలో ఏకాభిప్రాయంతో ఉన్నారు. రాష్ట్ర పోలీసులు ఫెడరల్ అధికారులను హోదా గురించి అడగడం ఫెడరల్ చట్టమే అనుమతిస్తుంది కదా, అమలు ఎలా ఉంటుందో చూడకముందే కొట్టేయలేం, అన్నారు. తర్వాత అమలులో అన్యాయం జరిగితే మళ్లీ కోర్టుకు రావచ్చని తలుపు తెరిచి ఉంచారు. కాబట్టి 'సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని కొట్టేసింది' అని మీ అమ్మాయి అనకూడదు. 'సుప్రీంకోర్టు సమర్థించింది' అని మీరూ అనకూడదు. చర్చల్లో ఈ రెండు మాటలూ తరచూ వినిపిస్తాయి, రెండూ సగమే నిజం.

ఇంకొక విషయంలో కూడా మాట జాగ్రత్త. అనుమతి లేకుండా సరిహద్దు దాటడం ఫెడరల్ నేరమే. కానీ వీసా గడువు దాటాక ఉండిపోవడం సాధారణంగా క్రిమినల్ నేరం కిందికి రాదు. దేశం నుంచి పంపించేయదగిన సివిల్ ఉల్లంఘన అది. కాగితాలు లేనివారంతా గోడ దూకినవారేనని అనుకోకండి. విమానంలో దర్జాగా దిగి, తర్వాత హోదా కోల్పోయినవారు ఎంతోమంది ఉన్నారు, అందులో మనవాళ్లు కూడా ఉన్నారు. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు హోదా పోగొట్టుకున్న విద్యార్థుల్లో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టిన ఫొటోలు చూసి ఇక్కడ తల్లిదండ్రులు తల్లడిల్లారు. ఆ పిల్లలను మనం 'దొంగదారిన వచ్చినవాళ్లు' అనలేదు.

ఇప్పుడు అసలు చోటుకు వద్దాం. సహేతుకమైన అనుమానం దేనివల్ల కలుగుతుంది? వేగంగా నడిపాడన్న అనుమానానికి రాడార్ ఉంది. తాగి నడిపాడన్న అనుమానానికి వాసన ఉంది, తూలడం ఉంది. కాగితాలు లేవన్న అనుమానానికి బయటికి కనిపించే గుర్తు ఏమిటి? ఈ ప్రశ్నకు చట్టాన్ని సమర్థించినవారు ఇచ్చిన జవాబు నాకు ఎన్నడూ తృప్తి కలిగించలేదు. జాతి, రంగు, పుట్టిన దేశం పరిగణించకూడదని చట్టంలో రాశారు, నిజమే. కానీ 'రాజ్యాంగం అనుమతించిన మేరకు తప్ప' అని ఒక మినహాయింపు చేర్చారు. ఆ మేర ఎంత? 1975లో బ్రిగ్నోని-పోన్స్ కేసులో సుప్రీంకోర్టు, మెక్సికన్‌లా కనిపించినంత మాత్రాన కారు ఆపకూడదని చెబుతూనే, సరిహద్దు ప్రాంతంలో మిగతా కారణాలతో కలిపి రూపురేఖలను కూడా ఒక అంశంగా చూడవచ్చని అంది. అంటే నిషేధం రాసిన వాక్యంలోనే దానికి సందు కూడా ఉంది. మీ అమ్మాయి ఈ ఒక్క విషయం వివరంగా చెప్పగలిగితే వాదన సగం గెలిచినట్టే.

2010లో ఆరిజోనా పోలీసు శిక్షణ మండలి అధికారుల కోసం ఒక వీడియో తయారు చేసింది. అనుమానానికి ఏవేవి ఆధారం కావచ్చో అందులో చెప్పారు: గుర్తింపు పత్రం లేకపోవడం, విదేశీ గుర్తింపు పత్రం ఉండడం, వాహనంలో కిక్కిరిసి ఉండడం, ఇంగ్లీషు మాట్లాడడంలో బాగా ఇబ్బంది పడడం, వేషధారణ, మనిషి తీరు, ఇలాంటివి. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా సరిపోదని కూడా శిక్షణలో చెప్పారు. ఇప్పుడు మీ ఇంటికి అన్వయించి చూడండి. అమ్మానాన్నలను, మీ కుటుంబాన్ని, ఒక స్నేహితుడి కుటుంబాన్ని ఒకే వ్యానులో ఎక్కించుకుని మారికోపాలోని మహాగణపతి ఆలయానికి బయలుదేరారు. బండి వెనక దీపం వెలగడం లేదని పోలీసు ఆపాడు. లోపల ఏడుగురు ఉన్నారు. ఇద్దరు పెద్దవాళ్లకు ఇంగ్లీషు రాదు, చీర, పంచె కట్టుకున్నారు, ఉన్నది భారతీయ పాస్‌పోర్టు, అదీ ఇంట్లో ఉంది. ఆ జాబితాలో ఎన్ని అంశాలు సరిపోయాయో లెక్కపెట్టుకోండి. మీరంతా నూటికి నూరుపాళ్లు చట్టబద్ధంగా ఉన్నవారే.

ఇదేదో ఊహించి చెబుతున్నది కాదు. మీ ఊరి చరిత్రలోనే ఉంది. 1997 జూలై చివరి వారంలో ఛాండ్లర్ పోలీసులూ ఫెడరల్ సరిహద్దు గస్తీ అధికారులూ కలిసి ఐదు రోజులపాటు పట్టణం నడిబొడ్డున గాలింపు జరిపారు. పాత పేటను బాగుచేసే కార్యక్రమంలో భాగం అన్నారు. కాగితాలు లేని 432 మందిని పట్టుకున్నారు. దుకాణాల బయట, వీధుల్లో, ఇళ్ల దగ్గర ఆపి అడిగినవారిలో అమెరికా పౌరులూ, చట్టబద్ధంగా ఉంటున్నవారూ ఎందరో ఉన్నారు. మెక్సికన్ మూలాలు ఉన్నవారిలా కనిపించడం, స్పానిష్ మాట్లాడడం వారి నేరం. అమెరికాలోనే పుట్టి పెరిగిన మనిషిని తన ఊరి బజారులో పౌరసత్వం రుజువు చేసుకోమన్నారు. రాష్ట్ర అటార్నీ జనరల్ గ్రాంట్ వుడ్స్ దీని మీద విచారణ జరిపించి తప్పుపట్టారు. ఆయన రిపబ్లికన్ పార్టీవారు, కాబట్టి దీన్ని ఒక పార్టీ ఆరోపణగా కొట్టిపారేయడం కుదరదు. బాధితులు వేసిన దావాలో నగరం 4,00,000 డాలర్లు చెల్లించి రాజీపడింది. మీ అమ్మాయి తన ఊరి గ్రంథాలయానికి వెళ్లి ఆ రోజుల పత్రికలు తిరగేస్తే, దేశమంతా తెలిసిన ఉదాహరణల కన్నా బలమైనది అక్కడే దొరుకుతుంది.

తర్వాతి కథ మీ కౌంటీదే. 2007లో ఒక మెక్సికన్ పర్యాటకుడు, సరైన వీసాతో వచ్చినవాడు, ఒక ట్రక్కులో ప్రయాణికుడిగా వెళుతుంటే మారికోపా కౌంటీ షెరిఫ్ మనుషులు ఆపారు. కాగితాలు చూపించినా కొన్ని గంటలపాటు వదల్లేదు. అతని పేరు మీద నడిచిన మెలెండ్రెస్ కేసులో, షెరిఫ్ జో ఆర్పాయో విభాగం జాతి ఆధారంగా మనుషులను ఆపుతోందని 2013 మేలో జడ్జి మర్రే స్నో తేల్చి చెప్పారు. ఆపేయమన్న కోర్టు ఉత్తర్వును ఆర్పాయో లెక్కచేయలేదు. 2017 జూలైలో కోర్టు ధిక్కారం కింద దోషిగా తేలారు, మరుసటి నెలలోనే అధ్యక్షుడు ట్రంప్ క్షమాభిక్ష పెట్టారు. ఆ కేసు తాలూకు సంస్కరణలకు కౌంటీ పన్ను చెల్లింపుదారులు, అంటే మీరు కూడా, కోట్ల డాలర్లు కడుతూ వచ్చారు. ఆర్పాయో గస్తీలు ఎస్‌బీ 1070 కన్నా ముందే మొదలయ్యాయి కాబట్టి ఈ చట్టం వల్లే అవి జరిగాయని మీ అమ్మాయి చెప్పకూడదు. స్థానిక పోలీసు చేతికి ఈ పని అప్పగిస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి మాత్రం అది సాక్ష్యం.

హెచ్-1బీ మీద ఉన్నవారికి ప్రత్యేకంగా తట్టే ఉదాహరణ ఒకటుంది, ఇది మీకే బాగా తెలుసు. చెల్లుబాటయ్యే ఆరిజోనా డ్రైవింగ్ లైసెన్సు చూపిస్తే ఆ వ్యక్తి చట్టబద్ధంగా ఉన్నాడనే భావించాలని ఈ చట్టం చెబుతుంది. అది మంచి రక్షణే. కానీ మన లైసెన్సు గడువు ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో చూపే ప్రవేశ పత్రం) తేదీకి ముడిపడి ఉంటుంది. పొడిగింపు దరఖాస్తు సమయానికే వేసినా నిర్ణయం రాకముందే ఐ-94 తేదీ దాటిపోవచ్చు. అదే యజమాని దగ్గర 240 రోజుల వరకు పని చేయడానికి ఫెడరల్ నిబంధన ఒప్పుకుంటుంది. ఆ మధ్యకాలంలో మీ లైసెన్సు మీద పాత తేదీ, ఐ-94 మీద పాత తేదీ, చేతిలో ఒక రసీదు కాగితం. మీరు చట్టబద్ధంగానే ఉన్నారు. ఇది అర్థం కావాలంటే ఇమిగ్రేషన్ లాయరు కావాలి. రోడ్డు పక్కన టార్చిలైటు పట్టుకుని నిలబడిన పోలీసుకు అది ఎలా తెలుస్తుంది? ఫెడరల్ ప్రభుత్వం 287(జి) ఒప్పందాల కింద స్థానిక పోలీసులకు ఈ పని అప్పగించేటప్పుడు శిక్షణ ఇవ్వాలి, పర్యవేక్షించాలి. 2(బి) ఆ షరతులేవీ లేకుండా ప్రతి పోలీసు మీదా ఈ బాధ్యత పెట్టింది.

ఆలబామా 2011లో ఇంకా కఠినమైన చట్టం చేసింది. ఆ నవంబరులో టస్కలూసా పోలీసులు ఒక అద్దె కారును ఆపి, సరైన లైసెన్సు చూపలేకపోయిన విదేశీయుణ్ణి అరెస్టు చేశారు. అతను మెర్సిడెస్-బెంజ్ కంపెనీ పనిమీద వచ్చిన జర్మన్ అధికారి. ఆ కంపెనీ ఆ ప్రాంతంలో వేలమందికి ఉపాధి ఇస్తోంది. సహోద్యోగి పాస్‌పోర్టు, లైసెన్సు తెచ్చి చూపించాక వదిలారు, కేసు కూడా పోయింది. ఆయన విషయంలో రాష్ట్రమంతా కదిలింది. పొలంలో నాటు వేయడానికి పిలిపించుకున్న కూలీ లాంటి సామాన్యుడు అదే చోట చిక్కితే అంత త్వరగా బయటపడేవాడా అన్నది మీరే ఆలోచించండి.

మీరు ఆమెకు చేయగలిగిన గొప్ప సాయం, అవతలి పక్షం వకీలుగా కూర్చోవడం. మీకు ఆ పక్షం మీద నిజమైన నమ్మకం ఉంది కాబట్టి ఆ పని బాగా చేయగలరు. 'మనం వరుసలో వచ్చాం' అన్న మాట పక్కన పెట్టి ఇవి అడగండి. పోలీసు కారు ఆపిన ప్రతిసారీ పాత వారెంట్లు ఉన్నాయేమో చూస్తాడు కదా, హోదా చూస్తే అదనంగా ఏం పోయింది? వెర్మాంట్‌లో ఫెడరల్ కేంద్రం ఒకటి రాత్రింబవళ్లు పోలీసుల ప్రశ్నలకు జవాబు చెబుతూనే ఉంది కదా, దాన్ని వాడుకోవద్దంటారా? ఫెడరల్ ప్రభుత్వం తన పని చేయకపోతే బడుల ఖర్చు, ఆసుపత్రుల ఖర్చు రాష్ట్రమే మోయాలి కదా, ఆ రాష్ట్రానికి నోరు లేదా? ప్రజలు ఎన్నుకున్న శాసనసభ చేసిన చట్టాన్ని కాదనడానికి మీరెవరు?

ఇవి గట్టి ప్రశ్నలు. చివరిదానికి జవాబు అంత సులభంగా దొరకదు. రెండోదాన్ని 2012లో న్యాయమూర్తులే లెక్కలోకి తీసుకున్నారు. మొదటిదానికి మాత్రం మంచి జవాబుంది: కాలం. టూసన్‌లో రోడ్డు అడ్డంగా దాటినందుకు ఒక మనిషిని ఆపారనుకోండి, హోదా తేలేదాకా అతన్ని నిలబెట్టడం రాజ్యాంగపరంగా చిక్కు తెస్తుందని కెన్నెడీ తీర్పే హెచ్చరించింది. 2015లో రోడ్రిగ్జ్ కేసులో సుప్రీంకోర్టు, ట్రాఫిక్ కారణంతో ఆపినవారిని ఆ పనికి పట్టే సమయం దాటి వేరే సోదా కోసం ఆపి ఉంచకూడదని చెప్పింది. అది మాదకద్రవ్యాలు పసిగట్టే కుక్క కోసం ఏడెనిమిది నిమిషాలు ఆపిన కేసు. ఆ కొద్ది నిమిషాలే ఎక్కువైతే, హోదా ఆరా కోసం గంటలు ఎలా కుదురుతాయి?

పోలీసుల మాట కూడా ఆమె వాదనలో ఉండాలి. ఈ చట్టాన్ని వద్దన్నవారిలో ఆరిజోనా పోలీసు అధిపతుల సంఘం ఉంది. సరిహద్దునే ఆనుకుని ఉన్న పీమా కౌంటీ షెరిఫ్ క్లారెన్స్ డూప్నిక్ బహిరంగంగా వ్యతిరేకించారు. వారి భయం ఆచరణలోంచి వచ్చింది. దొంగతనం చూసినవాడు, భర్త చేతిలో దెబ్బలు తిన్న ఇల్లాలు, జీతం ఎగ్గొట్టించుకున్న కూలీ పోలీసు దగ్గరికి రావడం మానేస్తే నేరస్థుడికి లాభం. దర్యాప్తుకు ఆటంకం అవుతుందనుకుంటే హోదా అడగనవసరం లేదని చట్టంలో మినహాయింపు ఉంది. కానీ భయపడే మనిషి చట్టంలోని మినహాయింపులు చదివి ఇంట్లోంచి బయటికి రాడు. డిపెండెంట్ వీసా మీద ఉండి, భర్త కోపం వస్తే తన హోదా పోతుందని భయపడే మన ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. పోలీసుకు ఫోను చేయమ్మా అని వాళ్లకు ధైర్యం చెప్పాలంటే, ఆ పోలీసు ముందు అడిగేది దెబ్బల గురించేనన్న నమ్మకం ఉండాలి. ఈ ఒక్క కారణానికైనా నేను ఈ రకం చట్టాలను వ్యతిరేకిస్తాను.

ఇది ముగిసిపోయిన చరిత్ర అనుకోకండి. 2016లో ఆరిజోనా అటార్నీ జనరల్ మార్క్ బర్నోవిచ్ ఒక రాజీలో భాగంగా మార్గదర్శకాలు ఇచ్చి 2(బి) అమలును బాగా కుదించారు, సెక్షను మాత్రం చట్టంలోనే ఉంది. టెక్సస్ 2017లో, ఆపినవారిని హోదా అడగకుండా తమ పోలీసులను ఏ నగరమూ నిరోధించకూడదని చట్టం చేసింది. 2023లో అక్రమ ప్రవేశాన్ని రాష్ట్ర నేరంగా మార్చే చట్టం చేస్తే అది కోర్టుల్లో చిక్కుకుంది. 2024 నవంబరులో మీ రాష్ట్ర ఓటర్లు అలాంటిదే ప్రతిపాదన 314ను ఆమోదించారు, అందులోని ఆ భాగం టెక్సస్ చట్టం గానీ అలాంటి మరో రాష్ట్ర చట్టం గానీ అమలులోకి వచ్చి వరుసగా 60 రోజులు నిలిస్తేనే మొదలవుతుంది. 2025 సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్ గాలింపుల మీద వచ్చిన సుప్రీంకోర్టు ఉత్తర్వు ఫెడరల్ అధికారులకు సంబంధించినది. అయినా అందులో జస్టిస్ కావనా రాసిన అభిప్రాయం మీ అమ్మాయి తప్పక చదవాలి. జాతి ఒక్కటే అనుమానానికి చాలదని, ఇతర అంశాలతో కలిపితే పరిగణనలోకి రావచ్చని ఆయన రాశారు. 1975 నాటి మాటే, యాభై ఏళ్ల తర్వాత మళ్లీ.

ఇక అమ్మానాన్నల సంగతి. 18 ఏళ్లు నిండిన విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ పత్రాన్ని ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలని ఫెడరల్ చట్టం చాలాకాలంగా చెబుతోంది. 2025 ఏప్రిల్ నుంచి దీన్ని గట్టిగా అమలు చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. సందర్శకులకు ఐ-94 ఆ పత్రం కిందికి వస్తుంది. అది ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాబట్టి ప్రభుత్వ వెబ్‌సైటు నుంచి ప్రింటు తీసి ఇవ్వండి. దానితోపాటు పాస్‌పోర్టు మొదటి పేజీ, వీసా పేజీ జిరాక్సులు, మీ చిరునామా, ఫోను నంబరు ఇంగ్లీషులో రాసిన కాగితం ఒక చిన్న సంచిలో పెట్టి మెడలో వేసుకోమనండి. కాలనీలో నడకకు అసలు పాస్‌పోర్టు మోయనక్కర్లేదని నా ఉద్దేశం, పోతే కాన్సులేట్ చుట్టూ తిరగాలి. కానీ టూసన్ దాటి దక్షిణానికి వెళితే అసలుదే వెంట ఉండాలి. నొగాలెస్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఐ-19 రహదారి మీద సరిహద్దు గస్తీ తనిఖీ కేంద్రం ఉంది, అక్కడ ఎవరినైనా ఆపి అడుగుతారు.

అంతకన్నా ముఖ్యమైనది ఎలా నిలబడాలో చెప్పడం. 2015 ఫిబ్రవరిలో ఆలబామాలోని మాడిసన్‌లో, మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన 57 ఏళ్ల పెద్దాయన కొడుకు ఇంటి ముందు వీధిలో నడుస్తుంటే, ఎవరో కొత్త మనిషి అనుమానంగా తిరుగుతున్నాడని ఫోను వెళ్లింది. ఆయనకు ఇంగ్లీషు రాదు. పోలీసు ఆయన్ని నేలకు పడదోశాడు, శరీరం పాక్షికంగా చచ్చుబడింది. గవర్నర్ క్షమాపణ చెప్పారు. ఫెడరల్ కోర్టులో రెండుసార్లు విచారణ జరిగినా జ్యూరీలు ఒక నిర్ణయానికి రాలేకపోయాయి, చివరికి జడ్జి ఆ పోలీసును నిర్దోషిగా విడిచిపెట్టారు. అది ఇమిగ్రేషన్ తనిఖీ కాదు, చర్చలో దాన్ని అలా వాడొద్దని అమ్మాయికి చెప్పండి. కానీ మీ నాన్నగారికి మాత్రం వివరంగా చెప్పండి: పోలీసు పిలిస్తే ఆగాలి, వెనక్కి తిరిగి నడవకూడదు, చేతులు జేబులో పెట్టకూడదు, మెడలో సంచిని వేలితో చూపించాలి, దాన్ని తీయడానికి తొందరపడకూడదు. 'మా అబ్బాయికి ఫోను చేయండి' అన్న ఒక్క ఇంగ్లీషు వాక్యం బాగా పలకడం నేర్పించండి.

మీకోసం కూడా ఒక మాట. కారు నడిపేటప్పుడు ఆపితే లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా చూపించాలి. చట్టబద్ధంగా ఆపినప్పుడు అడిగితే అసలు పేరు చెప్పాలి. ఆపై ప్రశ్నలకు మౌనంగా ఉండే హక్కు, లాయరుతో మాట్లాడతాననే హక్కు మీకున్నాయి. ఎంత కంగారులోనూ ఎవరూ అమెరికా పౌరుణ్ణని అబద్ధం చెప్పకూడదు. ఆ ఒక్క మాట మీ గ్రీన్ కార్డు ఆశను శాశ్వతంగా ముంచేయగలదు. పొడిగింపు రసీదు కాపీ కారులో ఉంచుకోండి. మీ ఇమిగ్రేషన్ లాయరు నంబరు ఫోనులోనే కాక కాగితం మీద కూడా ఉండాలి, అమ్మాయికి తెలిసిన చోట. ఆమె పౌరురాలు కాబట్టి మీ ఇంట్లో ఏదైనా జరిగితే నిశ్చింతగా మాట్లాడగలిగేది ఆమే. పోటీకి ముందే ఆమె పక్కన కూర్చుని 2012 తీర్పులో 2(బి) గురించిన భాగం ఇద్దరూ కలిసి చదవండి, కొన్ని పేజీలే. చదివాక మీ అభిప్రాయం మారకపోతే, ఆ మాట ఆమెకు కారణాలతో సహా చెప్పండి. ఆమె పోటీలో ఎదుర్కోబోయేది అలాంటి వాదననే.